ఎవరి నెత్తి మీదా వద్దన్న ట్రే

ఉద్యోగం ఏమిటంటే

పెళ్లిచూపుల్లో మా మావగారు నన్ను ఏం చేస్తున్నావని అడిగారు. కేబుల్ ట్రేలు వేయిస్తానని చెప్పాను. ఆయనకి అర్థం కాలేదు. చేతులు తిప్పి, గోడ మీద గీసి, చివరికి వాళ్ల ఇంటి అటక చూపించి మరీ వివరించాను. అంతా విని ఆయన తృప్తిగా తలూపి, బయటికెళ్లి బంధువులందరికీ "కుర్రాడు కరెంటాఫీసు" అని చెప్పేశారు. పెళ్లయిన దగ్గర్నుంచి చీపురుపల్లిలో ఉన్న అత్తవారి చుట్టాలంతా మీటరు గిర్రున తిరుగుతోందంటూ నా దగ్గరికే వచ్చేవారు. ఎన్నిసార్లు కాదన్నా వినలేదు. లంచం అడుగుతున్నాననుకుని ఒకాయన అరటి గెల కూడా తెచ్చాడు.

ఇప్పుడు పని మానేశాను కాబట్టి తీరిగ్గా చెబుతాను. ఏ ఫ్యాక్టరీలోనైనా తల ఎత్తి చూస్తే, కప్పు కింద ఇనుప నిచ్చెన అడ్డంగా పడుకోబెట్టినట్టు ఒకటి కనిపిస్తుంది. దాని మీద లావుపాటి కేబుళ్లు వరసగా పరుచుకుని ఉంటాయి. ప్యానెల్ గది దగ్గర బయలుదేరి మోటార్ల దాకా వెళతాయి. ఆ నిచ్చెనే ట్రే. అది ఏ దారిలో వెళ్లాలో గీయడం, దేన్ని పట్టుకుని నిలబడాలో చూడటం, చివరికి బిగించడం నా ఉద్యోగం.

ఐటీఐలూ డిప్లొమాలూ చేసి ఈ పనిలోకి వస్తున్న పిల్లల కోసం ఇది రాస్తున్నాను. బిల్లు ఎలా పెట్టాలి, ప్రమోషన్ ఎలా కొట్టాలి అన్నవి నన్ను అడక్కండి. రెండో దాంట్లో నేను మరీ అధ్వానం. నాకు తెలిసిందొక్కటే. ఇది కరెంటు పని కాదు. ఖాళీ జాగా కోసం నలుగురి కాళ్లూ పట్టుకునే పని. గాలి గొట్టాలవాడు ముందొచ్చి మంచి దారి కాజేస్తాడు. నీళ్ల పైపులవాడు మిగిలింది పట్టుకుపోతాడు. కేబుళ్లు లేకపోతే ఫ్యాక్టరీయే నడవదు, కానీ వాటికి దారి కావాలన్న సంగతి అందరికంటే చివర గుర్తొస్తుంది.

ఖాళీ వదిలితే

రేపు ఇంకో నాలుగు కేబుళ్లు రావచ్చు, ట్రే మీద కాస్త జాగా ఖాళీగా వదలండి అని పుస్తకాల్లో రాస్తారు. రాసినవాళ్లు మన జిల్లాలు చూసినట్టు లేదు.

శ్రీకాకుళం వైపు సముద్రం ఒడ్డున ఒక రొయ్యల ఫ్యాక్టరీలో పుస్తకం చెప్పినట్టే ఖాళీ వదిలాం. కొన్నాళ్లకి మేనేజరు గాభరాగా ఫోను చేశాడు. కేబుళ్లు కాలుతున్న వాసనట. కరెంటు ఆపేశారు, జనాన్ని బయటికి పంపేశారు, మంచు గదుల్లో రొయ్యలు కరిగిపోతాయని ఒకటే గోల. నేనూ మా ఫిట్టరు అప్పన్నా పరిగెత్తుకెళ్లాం. అప్పన్న నాకు చుట్టం కాదు గాని మొదటి రోజునుంచీ బావా అనే పిలిచేవాడు. వాడు నిచ్చెనెక్కి ట్రేలోకి తొంగిచూసి, చెయ్యి పెట్టి ఏదో తీసి వాసన చూశాడు.

"ఏటిరా?" అన్నాను.

"నెత్తళ్లు బావా. బాగా ఎండినాయి."

కేబుళ్ల వెచ్చదనానికి ఎండుతాయని అక్కడి పనివాళ్లు మేం వదిలిన ఖాళీ నిండా చేపలు ఆరబెట్టారు. మేనేజరు ఎవరివని గద్దించి అడిగాడు. ఎవరూ పలకలేదు. గుంపులోంచి ఒక ముసలాయన మాత్రం పైకి చూసి, "బాబూ, ఎలాగా ఎక్కినావు కదా, ఓపాలి తిరగేసి దిగు" అన్నాడు. అప్పన్న తిరగేసే దిగాడు.

జనం సంగతి తెలియకుండా ట్రే గీయకూడదని నాకు మొదటిసారి తట్టింది అక్కడే. పూర్తిగా తెలిసింది మాత్రం పాతపట్నం అవతల జీడిపప్పు ఫ్యాక్టరీలో.

తిన్నని గీత

ఆ ఫ్యాక్టరీ వరహాలు శెట్టి గారిది. తాతల నాటి వ్యాపారం. పనివాళ్లు ఆయన్ని షావుకారు అంటారు. చెడ్డ మనిషి కాడు. టీ ఇప్పించకుండా ఎవరినీ పంపడు. ఆయన కొత్త మిషన్లు కొన్నాడు. వాటికి కొత్త ప్యానెలు, కొత్త కేబుళ్లు కావాల్సి వచ్చాయి. కాంట్రాక్టు మా మూర్తి గారికి వచ్చింది.

మూర్తి గారి గురించి ఒక ముక్క చెప్పాలి. ఆయన దగ్గర చాలా ఏళ్లు చేశాను. పనిమంతుడే, జీతాలు ఎగ్గొట్టలేదు. కానీ పని ఇచ్చిన పార్టీ ఏమన్నా ఆయన "సరే సార్" అనేవాడు. కప్పు కింద వేసే ట్రేని కప్పు పైన వేయమన్నా సరే సార్. రేపటికి కావాలన్నా సరే సార్. ఆయన సరే అని స్కూటరెక్కి వెళ్లిపోయేవాడు, ఆ సరేని మేం మోసేవాళ్లం. మీకూ ఇలాంటి యజమాని ఒకడు తప్పకుండా దొరుకుతాడు.

నేను ఫ్యాక్టరీ అంతా తిరిగి దారి గీశాను. తూర్పు చివర ప్యానెల్ గది. పడమట చివర మిషన్ల హాలు. మధ్యలో వరసగా షావుకారు గారి గది, గుమాస్తా గది, ప్యాకింగు గది. అన్నీ కొత్త స్లాబు కింద ఉన్నవే. ఒక్క వంపు కూడా లేకుండా స్కేలు పెట్టి గీసినంత తిన్నగా వచ్చింది. నా జన్మలో అంత అందమైన దారి దొరకలేదు. దాన్ని చూసుకుని ఆ పూట రెండు టీలు ఎక్కువ తాగాను.

అందరికీ నెత్తులుంటాయి

మొదటి ముక్క బిగించిన పూట షావుకారు గారు తన కుర్చీలో కూర్చుని పైకి చూశారు.

"ఇదేటయ్యా? దూలమా?"

"ట్రే అండి. కేబుళ్లు వెళ్లడానికి."

"నా నెత్తి మీంచి ఎల్తాదా?"

దూలం కింద కూర్చుంటే మనిషికి ఎదుగుదల ఉండదన్నది ఆయనకి చిన్నప్పటినుంచీ ఉన్న నమ్మకం. ఇది దూలం కాదు, ట్రే అన్నాను. ఇనప దూలం ఇంకా చెడ్డదన్నారు. మూర్తి గారు పక్కనే ఉన్నారు. "సరే సార్" అన్నారు.

కుర్చీ జరుపుకోమని నేను సలహా ఇచ్చాను. ఆ కుర్చీ తూర్పు ముఖంగా, గల్లాపెట్టె కుడి చేతికి అందేలా, ముహూర్తం పెట్టి వేసింది. అది జరగదు. ట్రేయే జరగాలి. గోడ దాటించి, వంపు తిప్పి గుమాస్తా గదిలోకి తీసుకెళ్లాం.

గుమాస్తా గారికి దూలాల పట్టింపు లేదు. ఆయనకి బల్లుల భయం. ట్రే మీద బల్లులు చేరతాయి, పొద్దస్తమానం నెత్తి మీద పడతాయి అన్నాడు. పంచాంగం తెచ్చి బల్లి ఎక్కడ పడితే ఏ ఫలమో వేలు పెట్టి మాకు చదివి వినిపించాడు. తల మీద పడితే ఏమవుతుందో చదివేటప్పుడు ఆయన కండువా తీసి నెత్తికి చుట్టుకున్నాడు. భుజం మీద పడితే మాత్రం ఏదో లాభమని ఉంది.

అప్పన్న శ్రద్ధగా విన్నాడు. "బావా, ట్రేని ఓ మూర పక్కకి జరిపీసినామంటే బల్లి తిన్నగా బుజం మీద పడతాది. ఆయనకీ లాబం, మనకీ ఓ వంపు తగ్గుతాది" అన్నాడు. గుమాస్తా గారు ఇది కొంతసేపు నిజంగానే ఆలోచించాడు. తర్వాత బల్లి సరిగ్గా అక్కడే పడుతుందని హామీ ఇస్తారా అని అడిగాడు. ఇవ్వలేకపోయాం.

ప్యాకింగు గదిలో షావుకారు గారి బావమరిది కూర్చుంటాడు. బావగారికి పనికిరాని దోషం తనకెలా పనికొస్తుందని ఆయనకి కోపం వచ్చింది. ఇది ఆస్తి తగాదాలోకి వెళ్లేలా ఉందని అక్కణ్ణుంచీ తిప్పేశాం. తర్వాత అమ్మవారి పటం ఉన్న గూడు. తర్వాత వాచ్‌మన్. వాచ్‌మన్ కుర్చీ ప్రహరీ గోడ పక్కన చెట్టు కింద ఉంటుంది. అక్కడికి ట్రే వెళ్లనే వెళ్లదు. అయినా ముందు జాగ్రత్తగా వచ్చి తన అభ్యంతరం చెప్పి వెళ్లాడు.

మీకు తెలియకపోవచ్చు, లావు కేబులు తాడులా వంగదు. వంపు దగ్గర మొరాయిస్తుంది. పదిమంది "ఐలెస్సా" అని లాగితే బెత్తెడు కదులుతుంది. నా తిన్నని దారి కాస్తా వంపుల మీద వంపులు తిరిగి ఎటు వెళుతోందో నాకే తెలియకుండా పోయింది. ఇలా కాదని షావుకారు గారు సిద్ధాంతి గారిని పిలిపించారు.

అక్కడెవరూ లేరు

సిద్ధాంతి గారు దిక్సూచి పట్టుకుని ఫ్యాక్టరీ అంతా తిరిగారు. ఈశాన్యంలో ఇనుము పోకూడదన్నారు. నడిమధ్య మీదనుంచి అసలే పోకూడదన్నారు. ఆగ్నేయం పనికొస్తుందిగాని అక్కడ బాయిలరు ఉంది. చివరికి నైరుతి మూల పాత షెడ్డు దగ్గర ఆగారు.

అది జీడిపిక్కలు కొట్టే షెడ్డు. ఆడవాళ్లు నేల మీద వరసగా పీటలేసుకుని కూర్చుని, చేతులకి ఆముదం రాసుకుని, ఒక్కో పిక్కా రాయి మీద పెట్టి చెక్క సుత్తితో కొడతారు. పొద్దుట వస్తే పొద్దుపోయేదాకా అదే పని. మేం వెళ్లేసరికి భోజనాలకి లేచినట్టున్నారు, షెడ్డులో ఒక్క మనిషే ఉంది.

"ఇక్కడ ఎవరు కూర్చుంటారు?" అని అడిగారు సిద్ధాంతి గారు.

"ఇక్కడెవరూ నేరండి. పిక్కలు కొట్టే ఆడోళ్లే" అన్నారు షావుకారు గారు.

"అయితే దోషం లేదు" అన్నారు సిద్ధాంతి గారు.

ఆ ఉన్న ఒక్క మనిషి మా వైపు చూసింది. పేరు పైడమ్మ. ఆ షెడ్డులో అందరికంటే పాత మనిషి. కొంగుతో పీట తుడుచుకుని మళ్లీ కూర్చుంది.

నేను కప్పు కేసి చూశాను. పైన సిమెంటు రేకులు, కింద తాటి దూలాలు. అవి ఎప్పటివో ఎవరికీ తెలియదు. స్పానరుతో ఒకదాన్ని తట్టాను. గట్టి కలపని తట్టినట్టు లేదు, మూట మీద కొట్టినట్టుంది. ఇవి కేబుళ్ల బరువు మోయవండి అని చెప్పాను. నేల మీదనుంచి ఇనుప స్తంభాలు నిలబెట్టి వాటి మీద ట్రే వేస్తానన్నాను.

"స్తంభాలు పాతితే పీటలెక్కడేస్తారయ్యా? మనుషులు తగ్గిపోతారు. దూలాలకే వేలాడదీసీండి" అన్నారు షావుకారు గారు.

"పడిపోతుందండి."

"మా తాత కట్టించిన షెడ్డు. తుపాన్లకే పడలేదు."

మూర్తి గారి వైపు చూశాను. ఆయన నా వైపు చూడకుండా "సరే సార్" అన్నారు.

ఇక్కడ పిల్లలకి ఒక మాట. ఖాళీ ట్రే తేలిగ్గానే ఉంటుంది. దాన్ని వేలాడదీస్తే దూలం కిమ్మనదు. అందరూ చూసి, చూశావా, ఏం కాలేదు అంటారు. అసలు బరువు తర్వాత వచ్చే కేబుళ్లది. అందుకే కేబుళ్లు లాగే ముందు వాటి బరువుకి సరిపడా ఇసుక బస్తాలు ట్రే మీద పేర్చి చూడటం నా పద్ధతి. బస్తాలు పెట్టి చూస్తాను, అది నిలబడితేనే కేబులు లాగుతాను, లేకపోతే నన్ను మానిపించేసి ఇంకొకణ్ణి పెట్టుకోండి అని మూర్తి గారికి చెప్పేశాను. ఆయన దానికి కూడా సరే అన్నారు. అలవాటు కదా.

ఖాళీ ట్రే బిగించాం. కింద పైడమ్మ పీట, దాని పక్కన ఇంకో పీట, అలా ఆ చివరిదాకా. నాకు మనసు మనసులో లేదు. పెళ్లాం పిల్లలు నాకూ ఉన్నారు, వాళ్లకి చెప్పుకోలేని పని చేస్తున్నానేమోనని బెంగ పట్టుకుంది.

పీటలు కదిలాయి

మర్నాడు పొద్దుట మేం వెళ్లేసరికి షెడ్డు ఖాళీగా ఉంది. పీటలు లేవు, రాళ్లు లేవు, మనుషులు లేరు. ఆఫీసు వైపునుంచి టకటకమని చప్పుడు వస్తోంది.

వెళ్లి చూస్తే, షావుకారు గారి గదిలో ఆయన బల్ల ముందు పైడమ్మ పీటేసుకుని కూర్చుని పిక్కలు కొడుతోంది. ఆవిడ వెనకాల వరస గుమాస్తా గదిలోకి, అక్కడినుంచి ప్యాకింగు గదిలోకి సాగింది. అమ్మవారి గూడు ముందు కూడా ఇద్దరు కూర్చున్నారు. జీడి నూనె మరకలు నల్లగా కొత్త పాలరాయి మీద పడుతున్నాయి. ఆ మరక చర్మం మీదనుంచే వారాల తరబడి పోదు.

షావుకారు గారు ఫోనులో ఎవరో పార్టీతో మాట్లాడుతున్నారు. "ఆఁ... ఏటి? వినబడట్లేదు... కాదండీ, ఇల్లు కట్టడం లేదు, పిక్కలు కొడతన్నారు... నా గదిలోనే అండి... ఎందుకంటే..." ఎందుకో ఆయనకే తెలియక ఫోను పెట్టేశారు.

"ఏటే ఇది పైడమ్మా?"

"పని సేసుకుంతన్నాం బాబూ."

"ఇక్కడేటి పని? మీ షెడ్డుకి పోండి."

పైడమ్మ ఇంకో పిక్క కొట్టింది. "నెత్తి మీద ఇనుము ఎల్లకూడని జాగా ఇదేనంట కదా బాబూ. సిద్దాంతి గారు ఊరంతా తిరిగి సూసి మరీ సెప్పినారు. గుమాస్తా బాబుకి నెత్తున్నాది. వాస్‌మేన్‌కి నెత్తున్నాది. మాకూ ఉన్నాది, సూడు" అని తల మీద కొంగు తీసి చూపించింది. ఆవిడ వెనకాల వరస వరసంతా కొంగులు తీసి తలలు చూపించారు.

అప్పన్న నవ్వాపుకోలేక బయటికి పారిపోయాడు. నాకూ నవ్వొచ్చింది గాని, ఆ తలల్లో తెల్లవెంట్రుకలున్నవాళ్లే ఎక్కువమంది కనబడి ఆగిపోయాను.

సిద్ధాంతి గారికి కబురు వెళ్లింది. ఆయన వచ్చి, ఈశాన్యంలో ఇంతమంది స్త్రీలు కూర్చోవడం లక్ష్మీప్రదమేనన్నారు. కాస్త ముందుకొచ్చాక పంచెకి జీడి అంటుకుంది. అప్పుడు, అంత ప్రదం కాకపోవచ్చు, ఒకసారి చూడాలి అన్నారు.

"ఆ ట్రే పడదే. ఎందుకు పడతాది?" అన్నారు షావుకారు గారు, బతిమాలుతున్నట్టుగా.

"పడదు కదా? అయితే నువ్వోపాలి కూకో బాబూ. నా పీట మీదే కూకో. బస్తాలేత్తారంట కదా, అవి ఏసీదాకా కూకో. నీకేటీ కాపోతే మేము నోరెత్తం."

గదిలో సుత్తులన్నీ ఆగిపోయాయి. గుమాస్తా, బావమరిది, వాచ్‌మన్, అందరూ షావుకారు గారి మొహమే చూస్తున్నారు. కూర్చోకపోతే రేపట్నించి ఆయన మాట ఫ్యాక్టరీలో చెల్లదు.

"కూకుంటాను. ఏటనుకున్నారు?" అన్నారు ఆయన.

షావుకారు గారు కూర్చున్నారు

కూర్చోవడానికి ముహూర్తం పెట్టారు. వర్జ్యం వెళ్లాక, దుర్ముహూర్తం రాకముందు. ఇంటినుంచి ఆయన భార్య మోటార్‌సైకిలు హెల్మెట్ ఒకటి పంపించారు. పెట్టుకుంటే నమ్మకం లేనట్టుంటుందని పెట్టుకోలేదు. వద్దని తిప్పి పంపడానికీ మనసొప్పక ఒళ్లో పెట్టుకున్నారు. పైడమ్మ పీట మీద, తెల్ల చొక్కాతో, ఒళ్లో హెల్మెట్‌తో, ట్రే కింద కూర్చున్నారు. చుట్టూ ఫ్యాక్టరీ అంతా నిలబడింది.

ఇసుక బస్తాలు తయారుగా ఉన్నాయి. నేను ఎత్తించలేదు.

"కానీయవయ్యా" అన్నారు.

"కింద మనిషి ఉంటే బస్తా పెట్టించనండి. మీరు లేవండి."

"నాను లెగను."

"అయితే నేను పెట్టించనండి."

ఆయనకి కోపం వచ్చింది. "అదేటయ్యా! రేపు కేబుళ్లేసినాక ఈళ్లంతా కిందే కూకుంటారు కదా? అప్పుడు లేని దడ ఇప్పుడెందుకు నీకు?"

ఆ మాట అనేసి ఆయనే ఆగిపోయారు. నేను ఇన్నాళ్లూ నసిగింది ఆయన నోటితోనే తిన్నగా బయటికొచ్చింది. పైడమ్మ గోడకి ఆనుకుని నిలబడి ఆయన్నే చూస్తోంది.

"వద్దు సార్" అన్నారు ఎవరో. తిరిగి చూస్తే మూర్తి గారు. ఆయన నోట ఆ మాట వినడం నాకు అదే మొదలు. చెప్పాక ఆయన కూడా కొంచెం కంగారుపడ్డట్టు కనిపించారు.

షావుకారు గారు మాత్రం లేవలేదు. లేవాలని ఉందని కళ్లలో తెలుస్తోంది. అందరి ముందూ లేవడం ఎలాగో ఆయనకి తెలియలేదు. ఈ లోపల ఏదో ఒకటి చేద్దామని కాబోలు, అప్పన్న ఖాళీ చేతులతోనే నిచ్చెన తెచ్చి ట్రే పక్కన దూలానికి ఆనించాడు. బస్తా లేదు, మనిషి ఎక్కలేదు. ఉత్త నిచ్చెన.

దూలంలోంచి చెద పొడి బుసబుసా రాలింది. షావుకారు గారి నెత్తి మీద, తెల్ల చొక్కా మీద, ఒళ్లో బోర్లించి ఉన్న హెల్మెట్ మీద. ఆయన కనురెప్పలు కూడా ఎర్రమట్టి రంగుకి తిరిగాయి.

ఆయన మెల్లగా లేచారు. పొడి దులుపుకోకుండానే గుమ్మం దాకా నడిచారు. అక్కడ ఆగి, వెనక్కి తిరక్కుండా "దించీండి" అన్నారు.

ట్రే లేని సపోర్టులు

ఆ తర్వాత అంతా చకచకా జరిగిపోయింది. కింద ఫాల్స్ సీలింగు కొట్టిస్తే పైనున్న ట్రే కంటికి కనబడదు, కనబడనిది దూలం కిందికి రాదు అని సిద్ధాంతి గారు తేల్చారు. ఆ ముక్క మొదటి రోజే చెప్పి ఉంటే నా మెడ ఇంకో పదేళ్లు బాగుండేది. ట్రే నేను గీసిన తిన్నని దారిలోనే, షావుకారు గారి కుర్చీ మీదుగానే వెళ్లింది. గుమాస్తా గారు బల్లులు సీలింగు పైనే ఉండిపోతాయని సంతోషించాడు. ఆడవాళ్లు పీటలు పట్టుకుని షెడ్డుకి వెళ్లిపోయారు. మేం నిచ్చెనలు లారీకి ఎక్కిస్తున్నాం.

పైడమ్మ నా దగ్గరికి వచ్చింది. "ట్రే దించీసినారు, మంచిదే. ఆ పొడి ట్రేలోంచి రాల్లేదు కదా బాబూ?"

"లేదమ్మా. దూలంలోంచి."

"మరి దూలం ఎక్కడికెల్లింది?"

ఎక్కడికీ వెళ్లలేదు. ఆవిడ పీట మీదే ఉంది. ఎన్నో ఏళ్లుగా ఉంది. ట్రే కోసం ఇంత రభస పడ్డాం, సిద్ధాంతులొచ్చారు, ముహూర్తాలు పెట్టారు. ట్రే దిగిపోగానే అందరం గండం గడిచిందని ఊపిరి పీల్చుకున్నాం.

షావుకారు గారి దగ్గరికి వెళ్లాను. దూలాలు మార్పించండి అన్నాను. చూద్దాంలే, పంట వచ్చాక అన్నారు. దూలాలు కరెంటు పనిలోకి రావు కదా అని మూర్తి గారిని అడిగారు. ఆయన పాత మూర్తి గారైపోయి "రావు సార్" అన్నారు.

అప్పుడు నాకొక ఊహ వచ్చింది. వంకర దారి కోసం తెచ్చిన ఇనుప ఛానళ్లు, యాంగిళ్లు కుప్పగా మిగిలిపోయాయి. "ఇవి ట్రే సపోర్టులండి. కోసేశాం కాబట్టి కొట్టువాడు వెనక్కి తీసుకోడు. షెడ్డులో దూలాల కింద నిలబెట్టేస్తాను" అన్నాను.

"ట్రే నేదు కదయ్యా, సపోర్టులెందుకు?" అన్నారు. అంటూనే చెయ్యి ఎత్తి నెత్తి తడుముకున్నారు. కాసేపటికి "నిలబెట్టు" అన్నారు.

ఎక్కడ నిలబెట్టాలో పైడమ్మా వాళ్లే చెప్పారు. ఈ పీటకీ ఆ పీటకీ మధ్యన, కాలు తగలకుండా, రాయి జరపకుండా. ఒక్క పీట కూడా తగ్గలేదు. ట్రే లేని ట్రే సపోర్టులు ఇంకెక్కడైనా ఉన్నాయో లేదో నాకు తెలియదు. పాతపట్నం అవతల మాత్రం ఉన్నాయి. నేను వేసిన వాటిలో దేని గురించైనా గర్వపడమంటే వాటి గురించే పడతాను.

ఈ మధ్య ఆ ఫ్యాక్టరీలో మళ్లీ కొత్త వైరింగు చేస్తున్నారు. పని చూస్తున్న కుర్ర ఇంజినీరు ఎవరి దగ్గరో నా నంబరు తీసుకుని ఫోను చేశాడు.

"సార్, షెడ్డులో ట్రే సపోర్టులున్నాయి, ట్రే లేదు. అనవసరం కదా, కోయించేద్దామంటే ఇక్కడ ఆడవాళ్లు లేవడం లేదు. ఒకావిడ స్తంభాన్ని పట్టుకుని కూర్చుంది సార్."

ఆవిడకి ఫోనిమ్మన్నాను. పైడమ్మ కాదు, కోడలట. "అత్త పని మానీసింది బాబూ. పీట నాకిచ్చి, ఎవలొచ్చినా ఈ స్తంబం ఒగ్గొద్దని సెప్పింది" అంది.

కుర్రవాడు మళ్లీ ఫోను తీసుకున్నాడు. ఆ స్తంభం దేనికి ఆనుకుని ఉందో చూడమన్నాను. ఫోనులో దేన్నో టకటకా తట్టిన చప్పుడు వినిపించింది.

"దూలం అంతా చెద తినేసింది సార్. ఇన్నేళ్లూ ఎవరూ మార్చలేదా?"

"లేదు. వెళ్లి షావుకారు గారిని అడుగు."

"నేనా సార్? అది కరెంటు పనిలోకి రాదు కదా."

ఫోను ఆవిడకే ఇమ్మన్నాను. "ఆ అబ్బాయిని నీ పీట మీద కాసేపు కూర్చోబెట్టమ్మా" అని చెప్పి పెట్టేశాను.

సాయంత్రం వాడే మళ్లీ ఫోను చేశాడు. షావుకారు గారు ఆఫీసులో ఏ వేళకి దొరుకుతారని అడిగాడు.